ఎప్పటి సంది?

మా ఇంట్లో ఏ వస్తువు పాడైనా మేం ముందు అంగడికి పరుగెత్తుతాం. ఆలోచన తర్వాత. మొన్నటికి మొన్న కొబ్బరిపచ్చడి రుబ్బుతుంటే మిక్సీ గుర్రుమని ఆగిపోయింది. మావారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, గంభీరంగా తల పంకించి, "మోటారు పోయింది" అని తేల్చేశారు. కొత్త మోటారు ధర కనుక్కొస్తానని చెప్పులు వేసుకుంటుండగా పనమ్మాయి వచ్చి, మిక్సీని బోర్లించి, అడుగున ఉన్న ఎర్ర బొత్తాం నొక్కింది. "కొబ్బరి ఎక్కువేసుంటరమ్మా" అంది. మిక్సీ సలక్షణంగా తిరిగింది. మావారు మాత్రం చెప్పులు విప్పలేదు. "ఎలాగూ వేసుకున్నాను కదా, కరివేపాకు తెస్తాను" అని వెళ్ళిపోయారు.

మిక్సీ అయితే ఇలా నవ్వుకోవచ్చు. కారు విషయంలో నవ్వుకోలేని పని ఒకటి చేశాం. అది చెబుదామనే ఇదంతా మొదలుపెట్టాను.

మాది పాతకారు. చిన్నది. అమ్మేద్దామంటే పలికే ధర చూసి ప్రాణం ఒప్పదు, ఉంచుకుందామంటే వీధిలో వాళ్ళ కార్ల పక్కన వెలవెలబోతుంది. కిందటేడు శ్రావణంలో, ఇంట్లో శుభకార్యం ఉంది కదా అని, దానికి రంగు వేయించాం. లోపలా బయటా వేయించాం. బానెట్ ఎత్తితే లోపల కూడా కొత్తపెళ్ళికూతురిలా మెరిసిపోయింది. ఆ ముచ్చట నెలరోజులే.

దసరా నాటికి పొద్దున్నే స్టార్టు కావడానికి మొరాయించడం మొదలుపెట్టింది. తాళం తిప్పితే "ఊఁ... ఊఁ..." అని, నిద్రలేవనంటున్న పిల్లాడిలా మూలుగుతుంది. బ్యాటరీ అన్నారు. నాలుగు వేలు పెట్టి కొత్త బ్యాటరీ వేయించాం. పదిరోజులు బాగుంది, మళ్ళీ మూలుగు. అయితే సెల్ఫ్ మోటారు అన్నారు. దాన్ని విప్పి బాగు చేయించి బిగిస్తే రెండు వేల మూడు వందలు. ఈలోగా క్లచ్ కేబుల్ బిగుసుకుపోయింది. మావారు స్వయంగా పుత్లీబౌలి వెళ్ళి బేరమాడి కేబుల్ తెచ్చారు. నెల తిరక్కుండా అదీ బిగుసుకుపోయింది. రెండో కేబుల్ వచ్చింది. రెండూ కలిపి పద్నాలుగు వందలు. "కేబుళ్ళు ఇలా పోతున్నాయంటే అసలు క్లచ్చే అరిగిపోయి ఉంటుంది" అని మా వీధి మెకానిక్కు అంటే, క్లచ్ ప్లేటు మార్పించాం. కూలితో కలిపి అయిదు వేల అయిదు వందలు. లెక్కల మీద నాకెప్పుడూ పట్టు లేదు గానీ ఇది మాత్రం డైరీలో వేసుకున్నాను. పదమూడు వేల రెండు వందలు. నా నవలల్లో ఒకదాని మీద వచ్చిన మొత్తం ప్రతిఫలం కంటే ఎక్కువ. ఏ నవలో చెప్పను.

ఆఖరుకి మేం మార్చిన సామాను మరొకటుంది. మా డ్రైవరు.

నాలుగేళ్ళుగా మా దగ్గర పని చేసిన కుర్రాడు. ఆలేరు వైపు పల్లె. ఎక్కువ మాట్లాడడు. కారుకి రంగేసిన కొత్తలో ఒకరోజు వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, "అమ్మా, రంగేయించుకొచ్చిన కాడి నుంచి బండి ఇట్లున్నది. సెల్ఫ్ కొట్టినప్పుడల్లా కాలిన వాసనొస్తున్నది" అన్నాడు. నేను సీరియల్ ఆఖరి భాగం పంపాల్సిన రోజు. కథానాయికను చంపాలా ఉంచాలా అన్న సంకటంలో ఉన్నాను. "సారుతో చెప్పు నాయనా" అన్నాను. సారుతో చెప్పాడు. "క్లచ్ మీద కాలు పెట్టి నడిపితే కాలిన వాసన రాక మల్లెపూల వాసన వస్తుందా?" అన్నారు మావారు. ఆ మాటకి నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ గుర్తొస్తూనే ఉంటుంది.

క్లచ్ ప్లేటు మార్చిన నెలలో మావారు అతని జీతంలోంచి రెండున్నర వేలు పట్టుకున్నారు. "సగం నష్టం నేను భరిస్తున్నాను కదా" అని న్యాయం కూడా చెప్పారు. ఆ కుర్రాడు డబ్బు లెక్కపెట్టుకుని, తాళాలు బల్ల మీద పెట్టి, "రేపటి నుంచి రాను సార్" అన్నాడు. పెట్టినవాడు మెల్లగానే పెట్టాడు. తాళాల చప్పుడు మాత్రం నాకు గట్టిగా వినపడింది. మంచిదే, పీడా వదిలిందనుకున్నాం. అప్పటి నుంచి మావారే డ్రైవరు.

మాఘమాసంలో సూర్యాపేటలో మా అక్కయ్య మనవరాలి ఓణీల వేడుక వచ్చింది. తెల్లవారుజామునే బయల్దేరాం. మంచు తెరలో హయత్‌నగర్ దాటాం, అబ్దుల్లాపూర్‌మెట్ దాటాం. చౌటుప్పల్ చేరేసరికి మావారికి టీ తాగాలనిపించింది. హైదరాబాద్ నుంచి విజయవాడ పోయే దారిలో యాభై కిలోమీటర్లు నడిచాక ఎవరికైనా అనిపిస్తుంది. అందుకే ఆ ఊరు రోడ్డుకి రెండు వైపులా పెనాలూ, బాయిలర్లూ పెట్టుకుని కూచుంది. టీ బాగుంది. తాగి వచ్చి తాళం తిప్పితే "ఊఁ..." అంది. రెండోసారి అదీ లేదు. టక్కున ఒక చప్పుడు, అంతే.

మావారు మా వీధి మెకానిక్కుకి ఫోను చేశారు. అతను అక్కడి నుంచే, బండి మొహం చూడకుండా, "సెల్ఫ్ మోటారు పూర్తిగా పోయింది సార్, కొత్తది వేయించేయండి" అన్నాడు. మావారు నిజంగానే చెప్పులు సవరించుకున్నారు. నేను పట్టుచీరలో, ఒళ్ళో పళ్ళబుట్టతో, గట్టిగా ఏడుద్దామా అని ఆలోచిస్తున్నాను. టీకొట్టు అబ్బాయికి జాలేసినట్టుంది. పరుగెత్తి వెళ్ళి నాలుగు కొట్ల అవతల నుంచి ఒక మేస్త్రీని వెంటబెట్టుకొచ్చాడు.

అరవై దాటిన మనిషి. తెల్లగడ్డం, నూనె మరకల లుంగీ, జేబులో కళ్ళజోడు. లారీల మీద పెరిగిన చెయ్యి అని చూస్తేనే తెలుస్తుంది. రాగానే బానెట్ ఎత్తుతాడనుకున్నాను. ఎత్తలేదు. టైరు మీద చెయ్యి పెట్టి నిలబడి మావారిని అడిగాడు:

"ఎప్పటి సంది ఇట్ల జేస్తుంది సార్?"

మావారు బ్యాటరీ దగ్గర మొదలుపెట్టి మార్చిన సామానంతా ఏకరువు పెట్టారు. ఆయన అంతా విని, "అవి మీరు జేసినయి. బండి ఏం జేసిందో చెప్పుండ్రి" అన్నాడు. పొద్దున మొరాయిస్తుందా, ఎండలోనా? సెల్ఫ్ కొడితే డాష్‌బోర్డు లైట్లు ఆరిపోతాయా, మసకబారతాయా? వాసన ఏమన్నా వస్తుందా? ఒక్కొక్కటే అడుగుతున్నాడు. మావారు ఒక్కదానికీ తడుముకోకుండా జవాబు చెప్పలేకపోయారు. మా ఇంట్లో ఆ సంగతులు తెలిసిన మనిషి ఒకడుండేవాడు. అతన్ని పంపించేశాం.

అప్పుడు ఆయన అసలు ప్రశ్న అడిగాడు. "గిది మొదలయ్యేటందుకు ముందు, బండి మీద ఎవలి చెయ్యి వడ్డది?"

మావారు ఎవరి చెయ్యీ పడలేదన్నారు. నా నోటి వెంట మాత్రం, "రంగు వేయించాం" అన్న మాట వచ్చేసింది. ఆ మాట నాది కాదు, వంటింటి గుమ్మంలో నిలబడ్డవాడిది.

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నాడు.

ఆ తర్వాత చూసిందంతా నాకు అర్థమైనట్టే చెబుతాను. తప్పుంటే తెలిసినవాళ్ళు క్షమించాలి. ఆయన చేతిలో ఉన్నది ఒక మీటరు. జేబులో పట్టేంత, రెండు తీగలున్నది. బ్యాటరీ రెండు కొసల మీదా ఆనించి చూస్తే పన్నెండు పాయింటు నాలుగు వోల్టులు చూపించింది. నిండుగా ఉన్న బ్యాటరీ పన్నెండున్నర పైన చూపాలట. ఇది కొంచెం తక్కువే గానీ చచ్చిన బ్యాటరీ కాదు. "ఇప్పుడు సెల్ఫ్ కొట్టుండ్రి" అన్నాడు. మావారు తాళం తిప్పారు. బండి మూలిగింది, కానీ అంకె పదకొండు పాయింటు తొమ్మిది దగ్గరే నిలబడింది. "సూసిండ్రా? బ్యాటరీ ఇస్తనంటుంది. తీసుకునెటోనికి అందుతలేదు" అన్నాడు. బ్యాటరీలో బలం లేకపోతే ఆ క్షణంలో అంకె తొమ్మిదిన్నరకీ అంతకంటే కిందికీ దిగజారాలట.

తర్వాత ఒక తీగ ఇంజను ఒంటి మీద, రెండోది బ్యాటరీ మైనస్ కొస మీద పెట్టి మళ్ళీ కొట్టమన్నాడు. ఇక్కడ అర వోల్టు లోపే రావాలట. నాలుగు చూపించింది. ఆయన మొహంలో ఒక చిన్న సంతోషం. నాకా సంతోషం తెలుసు. మూడు వందల పేజీల కథలో ముడి ఎక్కడ పడిందో దొరికినప్పుడు అర్ధరాత్రి ఒక్కదాన్నే కూచుని నేనూ అలాగే మొహం పెడతాను.

"మేడం, గీ తీగె వట్టుకోండ్రి" అన్నాడు. క్లచ్ కేబుల్. మావారు ఇంకొకసారి తాళం తిప్పారు. చుర్రుమంది! చెయ్యి లాగేసుకున్నాను. మా వంటింటి పెనం పిడిలా ఉంది. కాలిన వాసన సన్నగా, స్పష్టంగా వచ్చింది. మల్లెపూల వాసన కాదు.

ఆయన చెప్పింది నా మాటల్లో ఇదీ. ఇంట్లో దీపానికి రెండు తీగలుంటాయి, ఒకటి కరెంటు రావడానికి, ఒకటి పోవడానికి. కారులో రెండో తీగ పని చాలామటుకు కారు ఒళ్ళే చేస్తుంది. ఇనుప శరీరం అంతా బ్యాటరీ మైనస్ కొసకి కలిపి ఉంటుంది. కానీ ఇంజను కూచునేది రబ్బరు దిమ్మల మీద. లేకపోతే దాని వణుకంతా మన వెన్నెముకకి వస్తుంది. రబ్బరులోంచి కరెంటు పోదు కనక, ఇంజనుకీ బండి ఒంటికీ మధ్య ఒక లావుపాటి తీగ వేస్తారు. దాన్నే ఎర్త్ వైరు అంటారు. రంగువేసిన కుర్రాళ్ళు దాని బోల్టు విప్పారు. శుభ్రంగా రంగు కొట్టారు. ఆ రంగు మీదనే మళ్ళీ బిగించారు. రంగులోంచీ కరెంటు పోదు. బోల్టు మరల గుండా ఏదో కాస్త పోతూ కొన్నాళ్ళు నెట్టుకొచ్చింది. వానలకి అదీ తుప్పు పట్టింది. సెల్ఫ్ మోటారు తిరగాలంటే బోలెడంత కరెంటు కావాలి, అదంతా తిరిగి వెళ్ళాలి. తూము మూసేస్తే చెరువు ఊరుకుంటుందా? గట్టు బలహీనంగా ఉన్నచోట గండి కొట్టుకుంటుంది. ఇంజను నుంచి మన కాలి కింద పెడలు దాకా వచ్చే ఇనుపతీగ క్లచ్ కేబుల్ ఒకటుంది కదా, కరెంటు దాన్ని పట్టుకుంది. ఆ సన్నటి ప్రాణం కాలి, లోపలి ప్లాస్టిక్కు కరిగి, బిగుసుకుపోయింది. మేం కొత్త కేబుల్ వేశాం. అదీ కాలింది. బ్యాటరీ సరిగా నిండకపోవడానికీ ఇదే కారణం, దాన్ని నింపే డైనమో కూడా ఇంజను మీదే ఉంటుంది కాబట్టి.

మావారికి ఇంకా నమ్మకం కుదరలేదు. "స్కానరు పెట్టి చూడరా?" అన్నారు. మా కారుకి ఆ సదుపాయం లేదు. మన దేశంలో 2013 ఏప్రిల్ నుంచి కొత్త కార్లకి అలా చెప్పుకునే యంత్రాంగం పూర్తిస్థాయిలో తప్పనిసరి చేశారని తర్వాత చదివాను. ఇదే రోగం కొత్త కారుకి వస్తే స్కానరు "పి0562" అని చూపించవచ్చట. అంటే కరెంటు తక్కువగా ఉందని. ఎందుకు తక్కువగా ఉందో ఆ అంకె చెప్పదు. మేస్త్రీ ఇదంతా ఒక్క ముక్కలో తేల్చేశాడు. "గా మిషిను కడుపునొస్తున్నదని చెప్తది సార్. ఏం తిన్నవని మనమే అడగాలె."

అడగాలె. ఇది నల్లగొండ నేల మీద వినవలసిన మాటే. చౌటుప్పల్ ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలోకి వెళ్ళింది గానీ, పాత నల్లగొండ ఊళ్ళల్లో వంగిపోయిన నడుములూ వంకరపోయిన కాళ్ళూ చూడనివాళ్ళు లేరు. పళ్ళ మీద గారలకి పళ్ళపొడి, మోకాళ్ళకి తైలం, నడుముకి తాయెత్తు, ఎన్ని తరాలు ఏ ముక్కకా ముక్కకి మందు వేసుకున్నారో! రోగం పళ్ళల్లో, మోకాళ్ళల్లో పుట్టింది కాదు, తాగే బావినీళ్ళల్లో ఫ్లోరైడుది. అప్పటి నెల్లూరు జిల్లాలో ఇటువంటి రోగుల్ని పరిశీలించి ఆ సంగతి డాక్టర్లు లోకానికి చెప్పింది 1937లో. నీళ్ళలో సున్నం, పటిక కలిపి ఆ విషాన్ని తగ్గించే పద్ధతికి ఈ జిల్లా పేరే పెట్టారు, నల్గొండ టెక్నిక్ అని. 2015లో ఇంటింటికీ మంచినీళ్ళ పథకానికి పైలాన్ కట్టింది కూడా ఈ చౌటుప్పల్లోనే. "ఏ నీళ్ళు తాగుతున్నారు?" అని అడగడానికి అన్నేళ్ళు పట్టింది. అలాంటప్పుడు మేం మా కారుని ఒక్క మాట అడగలేదంటే వింతేముంది అని కాసేపు నన్ను నేను ఓదార్చుకున్నాను. ఆ ఓదార్పు నిలవలేదు. మా ఇంట్లో అడగకుండానే చెప్పినవాడున్నాడు.

మేస్త్రీ తన కొట్టులోంచి బ్యాటరీ అరువుతీగ ఒకటి తెప్పించాడు. ఒక కొస బ్యాటరీ మైనస్‌కి, రెండోది ఇంజనుకి తగిలించి, "ఇప్పుడు కొట్టుండ్రి" అన్నాడు. ఒక్క తిప్పుకి గయ్యిమంది. చూస్తున్న టీకొట్టు జనం "శభాష్" అన్నారు. నాకైతే చప్పట్లు కొట్టాలనిపించింది. పట్టుచీరలో బాగుండదని ఊరుకున్నాను.

తర్వాత పానాతో ఆ బోల్టు విప్పి, చాకుతో రంగు గీకి, గరుకు కాగితంతో ఇనుము తళతళలాడే దాకా రుద్ది, పళ్ళున్న వాషరు ఒకటి వేసి బిగించి, పైన కాస్త గ్రీజు పూశాడు. మళ్ళీ మీటరు పెట్టాడు. నాలుగు వోల్టులు చూపించిన చోట రవ్వంత. అరగంట పని. మొత్తం మీద కొత్త సామాను ఒక వాషరు.

"ఎంతివ్వమంటారు?" అన్నారు మావారు.

"రెండొందలియ్యండ్రి. వాషరు పైసలొద్దు."

మావారు అయిదొందలిచ్చారు. ఆయన మూడొందలు వెనక్కిచ్చాడు. మావారు మళ్ళీ ఇవ్వబోతే, "పదమూడు వేలు వోయినయని నేను ఎక్కువ దీస్కుంటనా సార్?" అని నవ్వాడు. ఆ నవ్వులో ఎత్తిపొడుపు లేదు. ఉంటేనే బాగుండేదేమో!

పంతంగి టోల్‌గేటు దాటేదాకా కారులో ఎవరం మాట్లాడలేదు. దాటాక మావారు, "రంగు వేసినవాళ్ళని నిలదీయాలి" అన్నారు. నేను జవాబివ్వలేదు. చిట్యాల దగ్గర, "అయినా క్లచ్ ప్లేటు పాతదేగా, ఎప్పటికైనా మార్చాల్సిందే" అన్నారు. దానికీ ఇవ్వలేదు. నార్కెట్‌పల్లి వచ్చేసరికి, "అతని నంబరు నీ దగ్గరుందా?" అన్నారు.

వేడుక బాగా జరిగింది. పిల్ల ఓణీలో ముద్దుగా ఉంది. మా అక్కయ్య ఎందుకు ఆలస్యమైందని అడిగితే కారు ఆగిందని మాత్రం చెప్పాం. భోజనాలయ్యాక పెరట్లో అరటిచెట్ల దగ్గరికి వెళ్ళి ఫోను చేశాను. రెండోసారికి ఎత్తాడు. వెనక పిల్లల గోల వినిపిస్తోంది. బడి వ్యాను నడుపుతున్నాడట.

"ఏంటమ్మా, బండి బాగున్నదా?" అన్నాడు.

సంగతి చెప్పాను. ఎర్త్ వైరు అనగానే కాసేపు నిశ్శబ్దం.

"రంగు కాడనా?"

"అవును."

"అనుకున్న" అన్నాడు. అంతే అన్నాడు.

మళ్ళీ రమ్మని పిలిచాను. వ్యాను పని బాగుందనీ, సాయంత్రం అయిదుకల్లా ఇంట్లో ఉంటున్నాననీ చెప్పాడు. సరే, మేం పట్టుకున్న రెండున్నర వేలు సారు పంపిస్తారని నేనే తడబడుతూ అన్నాను. అయ్యో ఎందుకమ్మా, ఉండనీయండి అంటాడనుకున్నాను. మా నవలల్లో అయితే అలాగే అంటాడు.

"పంపుండ్రి అమ్మా" అన్నాడు. "నంబరు అదే."